పంక్తిలో ఖాళీ విస్తరి

వీరశైవ గృహస్థుని ఇంట శుభకార్యము పిలుపుతోనే ఆరంభమగును. ముహూర్తము కుదిరిన మరునాడే యజమాని జంగమయ్యగారి గడపకు పోయి, పాదములకు మ్రొక్కి, "అయ్యగారూ, ఫలానా దినమున మా ఇంట భిక్షకు దయచేయవలె" నని విన్నవించుకొనును. పిదప బంధువులు, పిదప ఇరుగుపొరుగు, పిదప చెలికాండ్రు. ఇల్లాలు ఇంటింటికి పోయి బొట్టు పెట్టి చెప్పివచ్చును. ఇది యంతయు లాంఛనమని కొందరు తలంచుచున్నారు. అచ్చుపత్రిక చేతికందినచో పిలిచినట్లే. పోయి నాలుగు మెతుకులు తిని, కట్నము చదివించి మరలినచో పోయినట్లే యని వారి లెక్క. కాని శరణుల మార్గమున భోజనమనగా దాసోహము. వడ్డించువాడు దాసుడు. విస్తరి ముందు కూర్చున్నవాడు ఎవడైనను, అతని అంగముపై నున్న లింగమునకే ఆ అన్నము సమర్పితము. కావున పిలిచినచోటికి పోవుటయు, పోకుండుటయు రెండును ఆచారమునకు సంబంధించిన విషయములే యగుచున్నవి.

నల్లగొండ నుండి మిర్యాలగూడకు పోవు దారిలోని వేములపల్లి వంటి ఊరిని తీసికొనుడు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచిన పిదప ఈ ప్రాంతపు బ్రతుకే మారినది. వానకై ఆకాశము చూచిన నేలకు ఎడమ కాలువ నీరు వచ్చినది. వరి వచ్చినది. వరి వెంట మిర్యాలగూడ బియ్యపు మిల్లులు వచ్చినవి. సిరి వెంట తగవులును వచ్చినవి. పూర్వము గట్టు తగాదా యన్నచో జానెడు భూమికి; కాలువ వచ్చిన తరువాత నీటి వంతుకు. తూము దగ్గరివానికి అక్కరకు మించి పారును. చివరి మడివానికి అర్ధరాత్రి లాంతరు పట్టుకొని కాచుకొన్నను పాయ అందదు. కరవు నాడు కలిసి గంజి త్రాగినవారు పంట నాడు పలుకరించుకొనకుండుట ఈ నేలకు క్రొత్త విషయము కాదు.

అట్టి ఊరిలో ఇద్దరు చెలికాండ్రు ఉన్నారనుకొనుడు. చిన్ననాడు ఒకే కంచమున తిన్నవారు. పొలములు ప్రక్కప్రక్కన. ఒక రాత్రి వంతు ఎవరిదన్న మాట గట్టుమీద కూలీల ఎదుట పెరిగి పెరిగి, ఒకడు రెండవవాని తండ్రిని ఎత్తి ఒక మాట అనెను. ఆ మాటతో ఇద్దరి నడుమ పలుకు ఆగిపోయినది. ఆరు మాసములు గడచినవి. ఇంతలో ఇద్దరికిని మిత్రుడైన మూడవవాడు ఇల్లు కట్టుకొని, గృహప్రవేశమునకు ఇద్దరిని పిలిచెను. కార్యము నాటి ఉదయము ఒక ఇంట ఇట్టి మాటలు నడచును.

"ఇంకా తానం కాలేదా? వాళ్ళు మూడుమార్లు వచ్చి పిలిచిపోయిండ్రు."

"నేను రాను. ఆడికి వాడు వస్తడు. వాని మొకం చూసుడు నాతోని కాదు."

"మరి ఆ అన్నకు ఏమని చెప్పాలె?"

"పెయ్యి వెచ్చగున్నదని చెప్పు."

"పెయ్యి వెచ్చగున్నోడు పొద్దుగాల పొలం మీదికి ఎట్ల పోయిండని అడుగుతరు గద."

"చెప్పమన్నది చెప్పు."

ఈ జ్వరము వేములపల్లిలోనే గాదు, తెలుగు నేలయందంతటను పేరుగాంచినది. శుభకార్యము నాటి ఉదయమున వచ్చి, ఊరివారి భోజనములు ముగియగానే తగ్గిపోవును. దీనికి మందు వాడినవారు ఎవ్వరును లేరు.

నవ్వు అటుండనిండు. ఈ జ్వరముచే బాధ పడువా డెవడో చూడవలెను. తగవాడినవాడు కాడు. అతడు పంక్తిలో సుఖముగా కూర్చుండి రెండవమారు పప్పు వేయించుకొనుచుండును. ఎదుటివాడు రాలేదని గమనించినచో లోలోపల గెలిచితినని సంతసించును కూడ. బాధ పడువాడు ఇల్లు కట్టుకొన్నవాడు. ఆ మిత్రుడు ఏ తప్పును చేయలేదు. అప్పు చేసి ఇల్లు లేపెను, తలుపు ఒరలకు పసుపు పూసెను, తన సంతోషమును నలుగురి నడుమ పెట్టుకొనవలెనని కోరెను. అతడు వాకిట నిలిచి వచ్చువారిని చూచుచు, ఎన్నిమార్లు వీధి మలుపు వైపు తిరిగి చూచునో ఎవరు లెక్కింతురు? విస్తళ్ళు వేయునప్పుడు ఒక విస్తరిని ఆ చెలికానికై ఉంచి, "ఇప్పుడే వచ్చును, కొంచె మాగుడు" అని వడ్డించువారిని ఆపును. సారు వచ్చినను ఆ విస్తరి ఖాళీగానే యుండును. చివరకు ఎవరో పిల్లవానిని దాని ముందు కూర్చుండబెట్టుదురు. ఇద్దరి నడుమ పుట్టిన కోపమునకు మూడవవాని పండుగలో కొంత భాగము పన్నుగా చెల్లింపబడినది. దీనిని న్యాయమని ఎవడనును?

అంతటితో తీరలేదు. ఇంటి ఇల్లాలి నోట అబద్ధ మాడింపబడినది. ఆమె తన ఇష్టముతో ఆ మాట చెప్పలేదు. భర్త కోపమును ఆమె మోసికొని పోయి పదిమంది ఎదుట జ్వరమను పేరుతో దింపి వచ్చెను. బసవేశ్వరుడు బోధించిన సదాచారమున అసత్యమాడకుండుటయు, కోపింపకుండుటయు, పరులను ఏవగించుకొనకుండుటయు ఒకే చోట చెప్పబడినవి. మూడింటిని ఒకచోట చెప్పుటలో అర్థమున్నదని ఈ ఉదయపు ముచ్చటయే తెలుపుచున్నది. ఏవగింపు కోపమును నిలిపి యుంచును; కోపము అసత్యమును పిలుచును; అసత్యము ఇంటిలోని ఇతరుల నాలుకకు ప్రాకును. ఒకనాటి ఉదయము మంచము దిగకుండగనే మూడు నియమములును తప్పిపోయినవి.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. వీరశైవులు ఎదురుపడినప్పుడు "శరణు" అందురు. ఈ శరణు ఎవరికి? ఎదుటివాని గుణమునకు కాదు, అతని సొత్తుకు కాదు, అతని నోటికి కాదు. అతని ఎదపై వ్రేలాడు కరడిగెలోని ఇష్టలింగమునకు. దీక్షనాడు గురువు ఎడమ అరచేత నుంచిన లింగము ఇద్దరికిని ఒక్కటియే. అందు నీరు పారిన మడి, పారని మడి అన్న భేదము లేదు. "వాని మొకము చూడను" అని ప్రతిన పూనినవాడు ఆ ముఖమునకు జానెడు క్రింద నున్నదానిని గూడ చూడనని ప్రతిన పూనినట్లే యగుచున్నది. ఇది అతడు తలంచినది కాదు. కాని జరుగునది ఇదియే.

విచిత్రమేమన, ఇదే మనుష్యుడు చెరువుగట్టు రామలింగేశ్వరుని జాతరకు పోవును. మేళ్లచెరువున శంభులింగేశ్వరుని శివరాత్రికి పోవును. మూసి వచ్చి కృష్ణలో కలియు వాడపల్లికి పోయి అగస్త్యేశ్వరుని దర్శించును. అచ్చట వరుసలో తన ముందు పగవాడు నిలుచున్నాడని దర్శనము మాని ఇంటికి మరలినవా డెవడైన కలడా? లేడు. జాతరలో తోపులాటను, ఎండను, కాలు త్రొక్కినవానిని గూడ సహించి నిలుచును. ఏలయనగా అచ్చట దేవుడున్నాడని నమ్మకము. చెలికాని క్రొత్త ఇంటిలో, జంగమయ్యగారు గద్దెపై కూర్చున్న పంక్తిలో దేవుడు లేడని ఎవరు చెప్పిరో తెలియదు.

భోజనము వలన పుట్టిన తగవు, తగవు వలన తొలగిన భక్తుడు, అతనిని మరల తెచ్చుకొన్న విధము — ఈ మూడును గల ఉదంతమొకటి బసవ పురాణమున నున్నది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన ఆ పురాణము తెలుగు దేశపు సొత్తు. సోమనాథుని పాల్కురికి నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. కల్యాణమున జరిగిన శరణుల చరిత్ర ముందు తెలుగున పురాణమై, 1369లో భీమకవి చేత కన్నడమునకు పోయెనని తలచినచో ఈ ప్రాంతపు భక్తులకు కొంత గర్వము కలుగుటలో తప్పు లేదు.

ఆ ఉదంతము కిన్నర బ్రహ్మయ్యది. కిన్నెర మ్రోగించుచు శివుని సేవించిన భక్తుడాయన. కన్నడమున కిన్నరి బొమ్మయ్య యందురు. భక్తుల భోజనపు సందర్భమున ఉల్లి వండబడుచుండగా, బసవేశ్వరుడు దాని వాసనను గురించి తక్కువగా ఒక మాట పలికెను. వివరములను చెప్పువారు వేర్వేరుగా చెప్పుదురు గాని సారము ఇంతియే. మాట చిన్నది. ఇంటింట దినమునకు పదిమార్లు దొరలునట్టిది. కాని బ్రహ్మయ్య మనస్సున అది ముల్లువలె దిగెను. భక్తుడు శివునికై సిద్ధము చేయు పదార్థమును హేయమనుట భక్తుని హేయమనుటయే యని ఆయన తలంచెను. కోపించి వెడలిపోయెను.

ఇద్దరి స్థితులను పోల్చి చూడుడు. ఒకరు బిజ్జలుని దండనాయకుడు. రాజ్యపు భాండాగారము చేతిలో నున్నవాడు. ఆయన మహామనెలో ప్రతిదినము జంగమములకు దాసోహము. రెండవవాడు ఒక వాద్యకాడు. ఒక కిన్నెరవాడు అలిగి పోయినచో దాసోహమునకు వచ్చిన లోటేమి? వచ్చిన వేలమందిలో ఒకడు తక్కువ. "పోయినచో పోనిండు, ఆకలి వేసినప్పుడు అతడే వచ్చును" అని లోకరీతిని ఎవడైన అని యుండును. బసవేశ్వరు డట్లనలేదు. ఒక భక్తుడు లేని పంక్తి పంక్తి కాదని ఆయనకు తోచెను. లెక్కకు వేలమంది యున్నను, ఖాళీ విస్తరి ఒకటియే ఆయన కంట పడెను.

తరువాత ఆయన చేసిన పనిని పురాణము తెలుగువారు మరువరాని రీతిని చెప్పినది. "నేనన్నది ఆ అర్థమున కాదు" అని కబురంపలేదు. "ఉల్లికి వాసన లేదా యేమి, ఉన్నదే గదా అంటిని" అని వాదింపలేదు; వాదించినచో నెగ్గియే యుండును, ఉల్లికి వాసన ఉన్నమాట నిజమే గదా. తాను నిందించిన ఆ ఉల్లికే ఉత్సవము చేయించెను. దానిని గౌరవించి, వేడుకతో ఎదురేగి, బ్రహ్మయ్యను ప్రసన్నుని చేసికొని కల్యాణమునకు తోడ్కొని వచ్చెను. వంటింటి మూలన బుట్టలో పడియుండు గడ్డ మహామంత్రి చేత మన్నన లందుకొన్నది.

ఈ కథను విని నవ్వుకొని విడుచువారు కలరు. కాని ఇందు పెద్ద మర్మమున్నది. బసవేశ్వరుడు క్షమాపణను గాలిలో చెప్పలేదు. ఏ వస్తువును గూర్చి మాట జారెనో ఆ వస్తువు పైననే చెప్పెను. ఎందరి ఎదుట జారెనో అంతకు మించిన మంది ఎదుట చెప్పెను. గట్టుమీద కూలీల ఎదుట చెలికాని తండ్రిని ఎత్తి మాటలాడినవాడు, చీకటిలో ఇంటికి పోయి "ఏదో కోపములో అంటిని" అని గొణిగినచో సరిపోదని దీని అర్థము. ఆ గట్టుమీదనే, వీలైనచో ఆ కూలీల ఎదుటనే, "నీ తండ్రి పెద్దవాడు, నేనన్నది తప్పు" అనవలెను. తగవు నీటి వంతును గూర్చి కదా, అయినచో ఒక రాత్రి తన వంతును చెలికాని మడికి విడువవలెను. ఒక రాత్రి నీరు విడిచినంత మాత్రమున పంట ఎండదు.

బ్రహ్మయ్య వైపున గూడ నేర్వవలసినది కలదు. సాధారణముగా పురాణ ప్రవచనములలో దీనిని దాటిపోవుదురు. ఆయన అలుక న్యాయమైనది. ఐనను బసవేశ్వరుడు ఎదురు వచ్చినప్పుడు ఆయన మరలి వచ్చెను. "ఇంత ఆలస్యముగా వచ్చితివేమి" అని పట్టు పట్టలేదు. అలుగుట ఎరిగినవారు లోకమున కోకొల్లలు. అలుక తీర్చుకొనుటకు తగిన సమయము వచ్చినప్పుడు దానిని గుర్తించి లేచువారు అరుదు. ఆరు మాసములు కోపమును కాచుకొన్నవానికి అది కొంత ఆస్తివలె అగును. దానిని విడుచుటకు మనసొప్పదు. ఎదుటివాడు క్షమాపణ చెప్పునేమో యన్న భయమున గూడ మనుష్యుడు పంక్తికి పోకుండుట కలదు. ఇది వింతగా తోచవచ్చును గాని అనుభవమున నిజము.

ఇట్లనగా ఒక ఆక్షేపణ వచ్చును. "బసవేశ్వరుడు తన ఉపనయనమునే విడిచి పోలేదా? బంధువులందరు కూడిన వేడుకనుండి వెడలిన మహానుభావుని పేరు చెప్పి, వేడుకలకు తప్పక పొమ్మనుట ఎట్లు?" ఆక్షేపణ బలమైనదే. పిలిచిన ప్రతి చోటికి పోవుట ధర్మమని ఎవరును చెప్పలేరు. కాని ఆ వెడలుటను కొంచెము పరిశీలింపుడు. బాలుడైన బసవడు తండ్రి మాదిరాజు ఎదుట నిలిచి, తాను శివభక్తుడు గనుక ఆ కర్మ తనకు వలదని తెరచి చెప్పి, వాదించి, వెడలెను. వెనుక వాకిలి గుండా పోలేదు. జ్వరమని చెప్పలేదు. అచ్చటికి వచ్చిన ఫలానా చుట్టము ముఖము చూడజాలక పోలేదు. ఒక తత్త్వము కొరకు వేడుకను విడుచుట వేరు. ఒక మనుష్యుని ఏవగించుకొని వేడుకను విడుచుట వేరు. మొదటిదానికి పేరు పెట్టి చెప్పుకొనుటకు సిగ్గు ఉండదు. రెండవదానికి జ్వరమను ముసుగు కావలసి వచ్చుటయే దాని స్వరూపమును తెలుపుచున్నది.

కొందరు తమ పౌరుషమునకు గణాచారమని పేరు పెట్టుకొందురు. పంచాచారములలో లింగాచారము, సదాచారము, శివాచారముల తరువాత గణాచారము చెప్పబడినది. శివనిందను, శివభక్తుల నిందను సహింపక ఎదిరించుట దాని లక్షణము. "నన్ననినది లింగవంతుని అన్నట్లు కాదా? నేనెట్లు సహింతును?" అని వీరి వాదము. కాని పంచాచారములు గణాచారముతో ముగియలేదు. ఐదవది భృత్యాచారము: శివభక్తులందరికంటె తానే చిన్నవాడనని, వారికి భృత్యుడనని మెలగుట. గణాచారము పరుల కొరకు పూను ఖడ్గము. తనకు తగిలిన మాటకు దానిని దూసినచో అది గణాచారము కాదు, ఉత్త అహంకారము. పూర్వులు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఊరకయే ఉంచలేదని తోచును.

అభిప్రాయభేదము లోతైనదైనను చెలిమి నిలుపవచ్చుననుటకు మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రకంటె మించినది లేదు. పండితత్రయములో నొకడు, శివతత్త్వసారమును రచించినవాడు. బసవేశ్వరుని భక్తి యన్నచో ఆయనకు అపారమైన గౌరవము. కాని బ్రాహ్మణ్యమును విడుచుటకు మాత్రము ఆయన ఒప్పలేదు. ఇది నీటి వంతు వంటి తగవు కాదు, జీవితమార్గమునకే సంబంధించిన భేదము. ఐనను ఆ భేదమును చేత పట్టుకొనియే బసవేశ్వరుని చూచుటకు కల్యాణమునకు బయలుదేరెను. దారిలో ఉండగనే బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెనన్న వార్త అందెను. పండితారాధ్యుడు దుఃఖించిన తీరును సోమనాథుడే తన పండితారాధ్య చరిత్రమున వర్ణించినాడు. ఇరువురు మహాత్ములు ఈ నేలపై ఒకరినొకరు చూచుకొనకనే పోయిరి. దీనికి ఎవరి కోపమును కారణము కాదు. కాలము చాలలేదు, అంతియే. కోపము లేనివారికే కాలము చాలనప్పుడు, "వచ్చే ఏడు చూతము" అని కోపమును ముడివేసి దూలమునకు కట్టుకొన్నవారి సంగతి ఏమి చెప్పవలెను!

ఊళ్ళలో జరుగునది అందరు ఎరిగినదే. పెండ్లికి రానివాడు, గృహప్రవేశమునకు రానివాడు, చివరకు ఒకనాడు కబురు వినగానే చెప్పులు లేకుండ పరుగెత్తి వచ్చును. అప్పటికి చెలికానికి స్నానము చేయించి, విభూతి పూసి, కూర్చుండబెట్టియుందురు. ఎడమచేత ఇష్టలింగముండును. సమాధిలో పద్మాసనమున నుంచి బిల్వపత్రము, విభూతి గడ్డలు నింపుచుండగా ఇతడును ముందుకు వచ్చి గుప్పెడు వేయును. ఏడ్చును కూడ, ఆ ఏడ్పులో కపటము లేదు. పదునాలుగు సంవత్సరములు ఎదురుపడనివాడు ఇప్పుడు ఎదుట కూర్చున్నాడు, కన్ను తెరువడు. శరణు అన్నను మారు శరణు అనడు.

పిలిచిన యజమానికి గూడ కొన్ని బాధ్యత లున్నవి. ఇద్దరి నడుమ పలుకులు లేవని ఎరిగియు ఒకరికి తెలియకుండ ఒకరిని పిలిచి, పంక్తిలో ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, "ఇప్పుడు మాటలాడుకొనుడు" అని పదిమంది ఎదుట బలవంతపెట్టుట తెలివి కాదు. అది సంధి కాదు, వినోదము. ముందుగనే ఇద్దరికిని నిజము చెప్పవలెను: "అన్నా, ఆయనను గూడ పిలిచినాను. నాకు ఇద్దరును కావలెను. మీరు మాటలాడుకొన్నను, ఆడుకొనకున్నను, నా ఇంట భోజనము చేసి పోవలెను." ఇంతకు మించి అడుగనక్కరలేదు. వేరువేరు వరుసలలో విస్తళ్ళు వేయించుటలో దోషము లేదు. ఒకే వేళకు రాలేనివారిని ముందువెనుకలుగా రమ్మనుటలోను దోషము లేదు.

సంధి చేయదగినవాడు జంగముడు. ఇంటింటికి తిరుగువానికి ఏ ఇంట పొయ్యి రాజలేదో, ఏ ఇంట పలుకు రాజలేదో రెండును తెలియును. నులియ చందయ్య కథ కన్నడ శరణుల సాహిత్యమున ప్రసిద్ధము. త్రాళ్ళు పేని, అమ్మి, జంగమదాసోహము చేయు ఆ భక్తుని ఇష్టలింగము గడ్డి కోయునప్పుడు జారి పడెను. తనను విడిచిన లింగము తనకు వలదని అతడు అలిగి నడచిపోయెను. లింగము వెంటబడి వేడుకొన్నను తీసికొనలేదట. అప్పుడు మడివాళ మాచయ్య నడుమ నిలిచి ఇద్దరికిని పొత్తు కుదిర్చెను. భక్తునికిని భగవంతునికిని మధ్య వచ్చిన అలుకను తీర్చుటకే ఒక చాకలి భక్తుడు నడుమ నిలువవలసి వచ్చినప్పుడు, ఇద్దరు రైతుల నడుమ మూడవవాడు రాకుండ అలుక తానే తీరునని ఎదురుచూచుట ఎట్లు? మాచయ్య చందయ్యకు అధికారి కాడు, బంధువు కాడు. ఇద్దరి మంచిని కోరినవాడు. నోరు తెరచి మాటలాడుటకు జంకనివాడు. ఊరికి ఒక మాచయ్య చాలును.

ఇంతవరకు చెప్పినది మాట పట్టింపులను గూర్చి. అన్ని తగవులును అట్టివి కావు. చేయి చేసికొన్నవాడు, త్రాగి వచ్చి ఇంటి ఆడువారిని అవమానించినవాడు, నమ్మించి ఆస్తి కాజేసినవాడు కూర్చున్న పంక్తికి, ఆ బాధ పడినవారు రాజాలకున్నచో వారిని తప్పు పట్టరాదు. ముఖ్యముగా స్త్రీలను "నీవే సర్దుకొని పోవమ్మా" అని పెద్దలు ఒత్తిడి పెట్టుట అన్యాయము. అట్టిచోట రావలదని చెప్పవలసినది అపరాధికి, అపరాధమునకు గురియైనవారికి కాదు. భృత్యాచారము పేరు చెప్పి బలహీనుని మరల కొట్టించుట బసవేశ్వరుని మార్గము ఎన్నడును కాదు. ఇట్టివారు సైతము జ్వరమని చెప్పనక్కరలేదు. ముందటి దినమే మిత్రుని ఇంటికి పోయి, "అన్నా, నీ సంతోషము నాదే. రేపు ఆ మనిషి ఉండును గనుక నేను నిలువజాలను. అందుకే ఈనాడు వచ్చితిని" అని చెప్పి, గడపకు పసుపు రాసి, ఒక పూట పని చేసి రావచ్చును. అట్టివాని విస్తరి ఖాళీగా ఉన్నను యజమాని మనస్సు ఖాళీగా నుండదు.

తక్కినవారికి మాత్రము పోవుటయే తేలిక, పోకుండుటయే కష్టము. ఇది తలక్రిందులుగా తోచును. ఇంట పడుకొన్నవాడు మధ్యాహ్నమంతయు ఆ పంక్తినే మనసున చూచుచుండును: వాడు వచ్చెనా, ఎక్కడ కూర్చుండెను, తన మాట వచ్చెనా, ఎవరేమనిరి. పోయినవానికి ఈ బాధ లేదు. గడియసేపు బిగుసుకొని యుండును. తరువాత ఎవరో నీళ్ళచెంబు అందుకొమ్మందురు, ఎవరి పిల్లవాడో ఒడిలోనికి ప్రాకును, సారు కారముగా నున్నదని నలుగురు అనుకొందురు. ఎదురుపడినచో "శరణు" అన్న ఒక్క మాట చాలును. మాటలాడకున్నను చాలును. పిల్లలు మాత్రము చూచుచుందురని మరువరాదు. తండ్రుల తగవును ఎరుగని పసివారు ఆ వేళ కొత్త ఇంటి అరుగుపై కలిసి ఆడుకొనుచుందురు. తండ్రి ఒకడు ఇంటనే ఉండిపోయినచో, వాని కొడుకు ఆ ఆటలో లేకపోవుటకు కారణమేమని అడుగును, చెప్పినది నేర్చుకొనును. పొలము పంచి ఇచ్చినట్లే కోపమును గూడ పంచి ఇచ్చిన కుటుంబములు ఊరికి రెండైనను ఉండును. పట్టా లేని ఆస్తి అది ఒక్కటియే.

పోవలసినవాడు పోలేదు, దినము దాటిపోయినది. అప్పుడైనను ఒక దారి కలదు. మంచి మిత్రుడైన యజమాని సాయంకాలము గిన్నెలో ప్రసాదముంచి, రాని చెలికాని ఇంటికి పిల్లవానితో పంపును. ఆ గిన్నెను అందుకొన్నవాడు జ్వరపు ముచ్చటను మరల ఎత్తక, చేతులు కడిగికొని, లింగమునకు చూపి భుజింపవలెను. పిదప గిన్నెను తోమించి, ఉత్త గిన్నె ఇయ్యరాదు గనుక అందు ఇంత బెల్లమో, పొలములోని కూరగాయయో వేసి, మరునాడు భార్యను గాని కూలివానిని గాని పంపక తానే తీసికొని పోవలెను. దారిలో ఆ రెండవవాని పొలము తగిలినచో చుట్టుదారి పట్టవలసిన పని లేదు, గట్టుమీదుగానే పోవచ్చును.